మేయరు గారి చేతికర్ర

మేయరు గారు చేతికర్ర మర్చిపోయి వెళ్ళిపోయారని మొదట కనిపెట్టింది రిసెప్షన్లో కూర్చునే ఆవిడ. ఇంటర్వ్యూ అయ్యాక టీ కప్పులు తీయడానికి మీటింగు గదిలోకి వెళ్తే, తలుపు వెనకాల గోడకు ఆనించి ఉంది కర్ర. పిడికి పాత చొక్కాగుడ్డ చుట్టి ఉంది. "అయ్యో, పెద్దాయన కర్ర!" అంటూ దాన్ని చంకలో పెట్టుకుని మెట్లన్నీ దిగి, మలుపు తిరగబోతున్న కారుకు అడ్డంపడి, డ్రైవరు చేతిలో పెట్టి వచ్చింది. ఆయాసపడుతూ ఆ సంగతి చెబితే ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. "ఎన్నికల ముందు ఆయన కర్ర మన దగ్గర ఉండిపోతే, మనమే లాక్కున్నామనేవాళ్ళు" అని ఎడిటరు పకపకా నవ్వాడు.

బొమ్మలక్క కూడా నవ్వింది. ఆ పత్రికలో రోజూ కార్టూను వేసే మనిషి ఆమె. సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఆఫీసులో ఎవరూ మిగల్లేదు, ఎడిటరుతో సహా అందరికీ ఆమె బొమ్మలక్కే. ఇంటర్వ్యూ జరిగినంతసేపూ మూల కుర్చీలో కూర్చుని మేయరు బొమ్మలు గీసుకుంది. చేయి తిరిగిన మనిషి కాబట్టి కళ్ళు ఎదురుగా ఉన్నా పెన్సిలు దానంతటది కాగితం మీద నడిచిపోతుంది.

ఇంటర్వ్యూ అంతా ఒకటే పాట. ఎన్ని గంటలు నిద్రపోతారు? బీపీ ఎంత? మెట్లు ఎక్కగలుగుతున్నారా? డెబ్భై ఆరేళ్ళ వయసులో ఇంకో అయిదేళ్ళు ఊరి భారం మోయగలరా? మేయరు ఒక్కొక్కదానికి తాపీగా, నవ్వుతూ జవాబిచ్చాడు. ఆయన మీద పోటీ చేస్తున్న పళ్ళ డాక్టరమ్మ ప్రచారం కూడా అదే బాణీలో నడుస్తోంది. "తాతగారికి విశ్రాంతి ఇద్దాం" అని ఊరంతా పోస్టర్లు. వాటి మీద వంగిన నడుము, చేతిలో కర్ర. ఆ కర్ర వంపు చూస్తే ఎవరి గీతో ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. బొమ్మలక్కది అది. మేయరు ఒకప్పుడు ఈతకొలను ప్రారంభించబోయి తడి గచ్చు మీద జారి, నెల పైన కర్రతో నడిచాడు. కాలు బాగుపడింది, బొమ్మలో కర్ర మాత్రం తొమ్మిదేళ్ళుగా ఉండిపోయింది.

*

మర్నాడు ప్రూఫుల మాస్టారు గోడ పట్టుకుని నడుస్తూ కనిపించాడు. బడిపంతులుగా రిటైరై, ఈ పత్రికలో అచ్చుతప్పులు దిద్దే పనిలో చేరిన మనిషి. ఒక చేయి గోడ మీద, రెండో చంకలో ప్రూఫు కాగితాల కట్ట. బొమ్మలక్కను చూసి టక్కున ఆగి, గోడ మీదున్న క్యాలెండరు చదువుతున్నట్టు నటించాడు.

"ఏంటి మాస్టారూ, కాలు పట్టేసిందా?"

"అబ్బే, కూర్చుని కూర్చుని తిమ్మిరెక్కింది తల్లీ."

ఆ తర్వాత రోజూ అదే తిమ్మిరి. బొమ్మలక్కకు ఏదైనా వింతగా కనిపిస్తే వదిలే గుణం లేదు. బొమ్మలు వేసేవాళ్ళకు ఉండే జబ్బే అది. మాస్టారు కుర్చీలోంచి లేవడానికి ముందు గది నలుమూలలా ఓసారి చూసుకుంటున్నాడు. ఏ బల్ల అంచు అందుతుంది, ఏ బీరువా తలుపు ఊగదు అని లెక్కలు వేసుకుంటున్నట్టు. టీకి కిందికి రావడం మానేశాడు. మంచినీళ్ళు కూడా తగ్గించాడు. నీళ్ళు తాగితే బాత్రూముకు నడవాలి కదా.

నాలుగో రోజు మధ్యాహ్నం గుమ్మం దగ్గర కాలు మడతపడి ఒరిగిపోతుంటే, వెనకే వస్తున్న బొమ్మలక్క నడుము చుట్టూ చేయి వేసి ఆపింది. ప్రూఫులు నేలంతా పరుచుకున్నాయి. ఆయన్ని మెల్లగా మీటింగు గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, తలుపు మూసింది.

"ఇప్పుడు చెప్పండి. ఏమైంది?"

మాస్టారు తలుపు వెనక ఖాళీ మూలకేసి చూశాడు. "నా కర్ర అక్కడ పెట్టుకునేవాణ్ణి."

బొమ్మలక్కకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక తనూ ఆ మూలకేసే చూసింది.

"ఆరు నెలలైంది కర్ర పట్టి" అన్నాడాయన. "పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి ఇక్కడ దాచేసి, సాయంత్రం అందరూ పోయాక తీసుకునేవాణ్ణి. పగలు ఈ నాలుగడుగులూ ఎలాగో నెట్టుకొచ్చేవాణ్ణి, ఇంటినుంచి వచ్చేటప్పుడు కర్ర ఉండేది కాబట్టి. ఇప్పుడు ఆ దారి కూడా గోడలు పట్టుకునే రావాల్సొస్తోంది. ఇక్కడికి చేరేసరికే మోకాలు వాచిపోతోంది."

"ఆ రోజే చెప్పొచ్చు కదా మాస్టారూ!"

"ఏమని చెప్పను? ఆఫీసంతా చప్పట్లు కొడుతుంటే లేచి, అది మేయరుది కాదు నాదే అనాలా? తప్పులు పట్టడానికి ఇప్పుడు కంప్యూటరుంది, మీరింక ఇంట్లో హాయిగా ఉండండి మాస్టారూ అని మేనేజరు ఇప్పటికే రెండుసార్లు అన్నాడు. కర్ర చూశాడంటే ఆ మాట కాగితం మీద పెట్టి చేతికిస్తాడు. ఇంట్లో కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది తల్లీ."

"ఇంకో కర్ర కొనుక్కోవచ్చుగా?"

"కొన్నాను. పొడుగైంది, ఇనపది కాబట్టి కోయించడానికి లేదు, భుజం లాగేస్తుంటే వదిలేశాను. ఆ పాతది నా ఎత్తుకు కోయించుకున్నది."

బొమ్మలక్క నేలమీది ప్రూఫులు ఏరుకొచ్చి ఒక్కొక్కటీ సరిచేసి బల్ల మీద పెట్టింది. ఆ పని అయిపోయాక కూడా చేతులు ఊరుకోలేదు. చివరికి అడిగేసింది. "మాస్టారూ, నేను మేయరుకు కర్ర గీస్తాను కదా. అది చూసి మీకెప్పుడైనా కష్టం తోచిందా?"

మాస్టారు అబద్ధం ఆడదామని చూసి, మానుకున్నాడు. "మొదట్లో బాగా నవ్వేవాణ్ణి. నాకు కర్ర వచ్చాక నవ్వు రాలేదు."

ఆమె తన బల్ల దగ్గరికి వెళ్ళి ఇంటర్వ్యూ రోజు గీసిన కాగితాలు తీసింది. మేయరు గుమ్మంలో నిలబడ్డప్పటి బొమ్మ, కుర్చీలో కూర్చున్నప్పటిది, ఎడిటరుకు షేక్‌హ్యాండ్ ఇస్తున్నప్పటిది. మూడింటిలోనూ కర్ర ఉంది. ఆయన రెండు చేతులతో ఎడిటరు చేయి పట్టుకుని ఊపడం తను కళ్ళారా చూసింది. మరి కర్ర ఏ చేత్తో పట్టుకున్నట్టు? బొమ్మలో మేయరుకు మూడో చేయి గీసినంత పని చేసింది తను. రిసెప్షన్ ఆవిణ్ణి అనుకోవడం దేనికి? బొమ్మలక్కకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

*

ఇంటికి వెళ్ళే బస్సు రైలుపట్టాల పక్కగా పోతుంది. గేటు మూసేసి, పైన వంతెన కడతామని స్తంభాలు లేపి వదిలేశారు. వాటి తలల మీద ఇనపచువ్వలు తుప్పు పట్టి నిలబడ్డాయి. బొమ్మలక్క రోజూ చూసే దృశ్యమే కాబట్టి ఆ రోజూ ప్రత్యేకంగా చూడలేదు. మనసంతా కర్ర మీదే ఉంది.

ఇంట్లో అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. మేయరు కన్నా మూడేళ్ళు పెద్దావిడ. దారం నాలుగుసార్లు తప్పింది. "ఇటివ్వండి అత్తయ్యా" అని చేయి చాపితే, "నువ్వు లేనప్పుడు ఎవరెక్కిస్తారు?" అని గుడ్లురిమింది. అయిదోసారికి ఎక్కింది.

బొమ్మలక్క కర్ర కథంతా చెప్పింది. అత్తగారు బొత్తాం కుడుతూనే కడుపుబ్బ నవ్వింది. మాస్టారి సంగతి వచ్చేసరికి నవ్వు ఆపేసింది.

"ఇక మీదట ఎవరి వయసు జోలికీ పోకూడదనుకుంటున్నాను" అంది కోడలు.

"ఎందుకు పోకూడదూ?"

"తప్పు కదా అత్తయ్యా. వయసు ఎవరి చేతిలో ఉంది?"

"నా మోకాళ్ళు నన్ను రోజూ అంటున్నాయి, నువ్వంటే తప్పొచ్చిందా?" అత్తగారు దారం పంటితో కొరికింది. "బస్సు నడిపేవాణ్ణి నీ చూపు ఎలా ఉందయ్యా అని అడగమూ? అడుగుతాం. పెద్దవాడు కదాని మొహమాటపడితే గోతిలో పడేది మనమే. ఆయన్నీ అడగండి. నిద్ర పడుతోందా, మాటలు గుర్తుంటున్నాయా, ఫైళ్ళు నువ్వే చదువుతున్నావా, ఇంకొకడు చదివి పెడుతున్నాడా, అని గుచ్చి గుచ్చి అడగండి. కానీ అడిగితే జవాబు దాకా ఆగాలి. మీరు ఆగరే? ముసలాడని ఒక నవ్వు నవ్వేసి వెళ్ళిపోతారు. దానికి అడగడమని పేరు పెట్టుకున్నారు."

అత్తగారే ఇంకో బొత్తాం అందుకుంటూ మళ్ళీ అంది, "గేటు మూశాక నేను మా స్నేహితురాలి మొహం చూసి రెండేళ్ళయింది. పట్టాలకు అవతలే ఉంటుంది. కేకేస్తే వినపడేంత దూరం."

*

మర్నాడు సాయంత్రం మేయరు సభ ఒక స్కూలు హాల్లో. కర్ర తేవాలి, క్షమాపణ అడగాలి. ఈ రెండు పనులూ పెట్టుకుని బొమ్మలక్క చివరి వరసలో కూర్చుంది. క్షమాపణ మాటలు బస్సులోనే కూడబలుక్కుంది.

మేయరు కర్రతోనే వచ్చాడు. మాస్టారి కర్ర, చొక్కాగుడ్డ చుట్టినదే. ఆయన ఎత్తుకు పొట్టిదవడంతో నడుము వంచక తప్పడం లేదు. హాలు మొత్తం ఒక్కసారిగా జాలిపడింది. ముందు వరసలోవాళ్ళు లేచి దారిచ్చారు. ఎవరో మెత్తలున్న కుర్చీ మోసుకొచ్చారు. బొమ్మలక్క ఆయన్నలా చూసి గతుక్కుమంది. అచ్చం తన బొమ్మలా ఉన్నాడు.

ఉపన్యాసం అయ్యాక మధ్య వరసలోంచి ఒక నర్సు లేచింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, ఆస్పత్రి కార్డు ఇంకా మెడలోనే ఉంది.

"సార్, గేటు మూసేసి వంతెన అన్నారు. స్తంభాల దగ్గర ఆగిపోయింది. అవతల ఎవరికైనా బాగా లేకపోతే మా అంబులెన్సు ఊరంతా చుట్టి రావాల్సొస్తోంది. పోయిన నెల ఒకావిడ దారిలోనే ప్రసవించింది. వంతెన ఎప్పుడవుతుంది సార్?"

మేయరు ఎడమ కనుబొమ్మను చిటికెనవేలితో ఒకసారి దువ్వుకున్నాడు. తర్వాత కర్ర మీద బరువు మోపి లేవబోయాడు. లేవలేకపోయాడు. మళ్ళీ ప్రయత్నించి లేచాడు. "అడగాల్సిన మాటే తల్లీ. చెప్తాను, కాస్త ఆయాసం తగ్గనీ."

"పెద్దాయన్ని నిలబెట్టి నిలదీస్తావేంటమ్మా?" అన్నాడు పక్క వరసలో ఒకాయన. "మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేరా?" అంది ఇంకొకావిడ. నర్సు ముఖం కందిపోయింది. ఇంకేదో అనబోయి, చుట్టూ చూసి, కూర్చుండిపోయింది. ఆ క్షణంలో బొమ్మలక్కకు కూడా నిజంగా అదే అనిపించింది, పాపం ఆయన్ని కూర్చోనివ్వొచ్చు కదా అని. మేయరు ఊపిరి తీసుకుని, మనవరాలు తనకు ఫోను నేర్పిన కథ చెప్పాడు. హాలు గొల్లున నవ్వింది. వంతెన మాట ఆ నవ్వులో ఎటు పోయిందో మరి కనపడలేదు.

సభ ముగిశాక బొమ్మలక్క వేదిక వెనక గదిలోకి వెళ్ళింది. తలుపు తోసేసరికి మేయరు బెంచీ ఎక్కి, బిగుసుకుపోయిన కిటికీ రెక్కను భుజంతో నెడుతున్నాడు. కర్ర ఆటబంతుల బుట్టలో పడి ఉంది. కిటికీ ఫట్మని తెరుచుకుంది. ఆయన ఒక్క అంగలో కిందికి దిగాడు.

"రండి రండి బొమ్మలక్కగారూ! ఒకటే ఉక్క ఈ గదిలో."

కూడబలుక్కున్న మాటలు కాస్తా చెదిరిపోయాయి. "సార్, ఆ కర్ర మీది కాదు."

"నాది కాదని నాకు తెలీదా? నాకు కర్రే లేదు. మీరు వేళాకోళానికి పంపారనుకున్నాను."

"మా ప్రూఫుల మాస్టారిది. రిసెప్షన్ ఆవిడ మీదనుకుని ఇచ్చేసింది. అయిదు రోజులుగా ఆయన గోడలు పట్టుకుని నడుస్తున్నారు."

మేయరు ముఖంలో నవ్వు పోయింది. "అయ్యయ్యో, ఎంత పనైపోయింది!" అని కర్ర తీసి, పిడిని తన చేతిరుమాలుతో తుడిచి, రెండు చేతులా అందించాడు. ఆ నొచ్చుకోవడం నటన కాదు. "ఆయనకు నా మాటగా క్షమాపణ చెప్పండి."

"నేను కూడా చెప్పాలి సార్. తొమ్మిదేళ్ళుగా మీకు లేని కర్ర గీశాను. తప్పయింది."

మేయరు ఆమెకేసి వింతగా చూశాడు. తర్వాత బెంచీ మీద కూర్చుని, పక్కన చోటు చూపించాడు. "క్షమాపణ ఎందుకమ్మా? నేనే మీకు దణ్ణం పెట్టాలి. మొదటిరోజు సరదాకి పట్టుకుని కారు దిగాను. అంతే, జనం దారిచ్చారు, కుర్చీ తెచ్చారు. మొన్న పన్నుల గురించి ఒకడు లేస్తే పక్కవాళ్ళే కూర్చోబెట్టారు. ఇవాళ ఆ నర్సమ్మ. నేను పల్లెత్తు మాటన్నానా? ఇదేదో బాగుందే అనుకుని ఆలోచిస్తే అప్పుడు వెలిగింది నాకు. ఇదంతా ఈ వారం సంగతి కాదు. నన్ను తిట్టాలనుకున్నవాడల్లా ముసలాడంటాడు. దాంతో వాడి కడుపు నిండిపోతుంది, ఇంటికి పోతాడు. ఆ డాక్టరమ్మా అంతే. నేను ముసలాణ్ణే, కాదంటానా? నిజమైనదానికి సంజాయిషీ చెప్పుకోవక్కర్లేదు కదా." ఆయన ఆప్యాయంగా నవ్వాడు. "మీరు నాకు చేసిన ఉపకారం మా పార్టీ వాళ్ళు కూడా చేయలేదు."

కిటికీలోంచి గాలి వస్తున్నా బొమ్మలక్కకు చెమట పట్టింది. అయినా అడిగింది. "వంతెన ఎప్పుడవుతుంది సార్?"

చిటికెనవేలు కనుబొమ్మ మీదికి వెళ్ళింది. "ఆ రోజు మీ ఆఫీసులో కూడా అడగలేదు చూశారా? బీపీ ఎంతని అడిగారు" అంటూ లేచి, తలుపు తీసుకుని బయటికి నడిచాడు. ఖాళీ చేతులతో కనిపించిన ఆయన్ని చూసి జనం కంగారుపడి పరిగెత్తుకొచ్చారు. ఇద్దరు చెరో మోచేయి పట్టుకున్నారు. మూడోవాడు వెనకనుంచి నడుము పట్టుకున్నాడు. ఆయన్ని అలా మోసుకుపోతున్నట్టే కారు దాకా తీసుకెళ్ళారు.

*

మర్నాడు కర్రను ఆఫీసులోకి ఎలా చేర్చాలా అని బొమ్మలక్క దారంతా ఆలోచించింది. పాత కాగితాల్లో చుట్టి తలుపు వెనక పెట్టేద్దామనుకుంది. ఆ అవసరం రాలేదు. డెస్కు దగ్గర మాస్టారే ఎదురొచ్చి, నలుగురి ముందూ చేయి చాపాడు.

"నాదే ఇది. గోడలు పట్టుకుని విసుగొచ్చింది, ఇక దాచను" అన్నాడు. కర్ర టకటకలాడిస్తూ మేనేజరు బల్ల దాకా నడిచాడు. "మేనేజరు గారూ, ఇది నడవడానికి. తప్పులు నేను కళ్ళతో పడతాను. అందులో తేడా వస్తే చెప్పండి, ఆ రోజే పోతాను."

మేనేజరు తల గోక్కున్నాడు. "నేనేమన్నాను మాస్టారూ?" అని మాత్రం అన్నాడు. రిసెప్షన్ ఆవిడ ముక్కున వేలేసుకుంది.

ఆ వేళ బొమ్మలక్క బోర్డు ముందు కూర్చుని మేయరును గీయబోతే చేయి ఆగిపోయింది. కర్ర తీసేస్తే మేయరు లేడు. ముక్కు ఎలా ఉంటుంది? చెవులు? తొమ్మిదేళ్ళుగా ఆయన ముఖంలోకి చూడనే లేదు తను. మూడు ముడతలు, ఒక కర్ర గీసి పారేసింది. కాగితాలు ఉండచుట్టి బుట్టలో వేసింది. చివరికి కళ్ళు మూసుకుని, ప్రశ్న పడ్డప్పుడు కనుబొమ్మ మీదికి వెళ్ళిన ఆ చిటికెనవేలితో మొదలుపెట్టింది. దాని వెనకే చేయి వచ్చింది, ముఖం వచ్చింది. ముడతలు ఉన్నవి ఉన్నట్టు వేసింది. బెంచీ మీంచి ఒక్క అంగలో దిగిన కాళ్ళు వేసింది. గదిలో ఆయన చెప్పుకున్న మాటలేవీ వాడుకోలేదు. బొమ్మలో మేయరు ఒక వంతెన స్తంభం మీంచి ఇంకో స్తంభం మీదికి కనుబొమ్మ దువ్వుకుంటూ అవలీలగా దూకుతున్నాడు. కింద ఆగిపోయిన అంబులెన్సు, పక్కన తలెత్తి చూస్తున్న నర్సు. మాట ఒక్కటీ రాయలేదు.

ఇంటికి తీసుకెళ్ళి అత్తగారికి చూపించింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఒక్క చూపు చూసింది. "మేయరే కదా. అడిగితే ఇలాగే కనుబొమ్మ దువ్వుకుంటాడు, టీవీలో చూస్తుంటాగా" అంది. ఆ తర్వాత స్తంభాలకేసి చాలాసేపు చూసింది.

మర్నాడు ఎడిటరు మాత్రం కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఎవరీయన? కర్ర లేకపోతే జనం ఎలా గుర్తుపడతారు?"

"మా అత్తగారు గుర్తుపట్టారు."

"మీ అత్తగారొక్కరూ చాలా?"

"చాలకపోతే రేపణ్ణించి ఇంకొకరి చేత వేయించుకోండి" అంది బొమ్మలక్క. తను అంత మాట అంటుందని ఆమె కూడా అనుకోలేదు. ఎడిటరు ఆమెను ఎగాదిగా చూసి, కాగితాన్ని పేజీలు పెట్టేవాళ్ళకు పంపాడు.

బొమ్మ అచ్చయిన రోజు ఆమె ఆఫీసులో అడుగుపెట్టగానే ఫోను మోగింది. మేయరు. పలకరింపు లేదు.

"ఇదేం బాగాలేదు బొమ్మలక్కగారూ. పొద్దుటినుంచి ఒకటే ఫోన్లు. అందరూ వంతెన అంటారే! ఇన్నేళ్ళలో మీరు నన్నెప్పుడూ ఇంత మాట అనలేదు."

"అవును సార్. ఇదే మొదటిసారి."

"ఏం తెలుసని వేశారు? ఆ కాంట్రాక్టరు సంగతి మీకు తెలుసా? రెండోవాణ్ణి ఎవరు తెచ్చారో తెలుసా?"

"తెలీదు సార్, చెప్పండి. మీరు చెప్పేది మా రిపోర్టరు రాసుకుంటాడు, పర్లేదా?"

అవతల ఊపిరి వినపడింది. "రాసుకోండి! అక్షరం పొల్లుపోకుండా రాసుకోమనండి!"

బొమ్మలక్క ఫోను స్పీకరులో పెట్టి రిపోర్టరుకు సైగ చేసింది. ఎడిటరు కూడా వచ్చి నిలబడ్డాడు. మేయరు మొదటి కాంట్రాక్టరుతో మొదలుపెట్టాడు. రెండోవాడి మీద విరుచుకుపడ్డాడు. వాణ్ణి తెచ్చింది ఎవరంటే మాట దాటేశాడు. అదే ప్రశ్న మళ్ళీ అడిగితే కోపం తెచ్చుకున్నాడు. మూడోసారి అడిగితే, సంతకం తనదేనని ఒప్పుకున్నాడు. ఇనుము లెక్కలు కాగితం చూడకుండా గడగడా చెప్పాడు. టీలు చల్లారిపోయాయి. ఆ మాట్లాడినంతసేపూ ఆయన తన వయసు మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.